కామెంట్లు ఒకటి అంటున్నాయి, రివ్యూ ఇంకొకటి అంటోంది: ఆల్బమ్‌లో ఏది దిద్దాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కడపలో ఇద్దరు కలిసి చేసిన తొలి ఇండీ పాప్ ఆల్బమ్. తొమ్మిది పాటలు, 36 నిమిషాలు. ఒకరిది గిటారు, గొంతు. ఇంకొకరిది గొంతు, కీబోర్డు, ప్రోగ్రామింగ్. విడుదలై రెండు నెలలైంది. విన్నవాళ్ళు ‘మాటలు అర్థం కావట్లేదు’, ‘అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయి’, ‘మూడో పాట మాత్రం లూప్‌లో పెట్టుకున్నా’ అంటున్నారు. ఒక వెబ్‌సైట్ రివ్యూ 5కి 2.75 వేసి ‘ఆశ పుట్టించే జంట, కానీ సేఫ్‌గా ఆడారు, యాస అలంకారం దగ్గరే ఆగిపోయింది’ అంది. మొత్తం మళ్ళీ మిక్స్ చేయించాలా, రివ్యూకి జవాబు రాయాలా, లేక అన్నీ వదిలేసి తర్వాతి పాటల పని చూసుకోవాలా అని అడిగారు.

తొమ్మిది పాటలూ ఫోన్ స్పీకర్‌లోనూ హెడ్‌ఫోన్స్‌లోనూ విన్న మీదట నా మాట: రెండో పాట, ఆరో పాట మళ్ళీ మిక్స్ చేయించండి. మిగతా ఏడింటినీ ముట్టుకోవద్దు. రివ్యూకి జవాబు రాయొద్దు. కానీ వచ్చిన మాటలన్నిటిలోనూ బరువైనది ఆ యాస గురించి అన్నదే. దాన్ని మిక్సింగ్‌తో బాగుచేయలేరు.

ముందు కామెంట్ల సంగతి. మీరు పంపిన 64 కామెంట్లలో గుండె బొమ్మలు, ‘సూపర్ బ్రో’లు, బంధువుల దీవెనలు తీసేస్తే 21 మిగిలాయి. ఈ 21నీ ఒక షీట్‌లో పెట్టండి. ఏ పాట, ఎన్నో నిమిషం ఎన్నో సెకను, దేని మీద విన్నారు, మీకు తెలిసినవాళ్ళా కాదా, అన్నమాట యథాతథంగా ఏమిటి: ఈ ఐదు గడులు చాలు. ‘దేని మీద విన్నారు’ అన్నది ఎవరూ తమంతట తాము రాయరు. కామెంట్ కింద ‘థాంక్సండీ, ఫోన్‌లో విన్నారా, ఇయర్‌ఫోన్స్‌లోనా?’ అని ఒక్క ముక్క అడిగితే సగం మందైనా చెప్తారు. ఈ గడి నిండితేనే తక్కినవాటికి అర్థం వస్తుంది. ‘బేస్ లేదు’ అన్నతను ఫోన్‌లో విన్నాడంటే అది మీ మిక్స్ తప్పు కాకపోవచ్చు. ఫోన్ స్పీకర్ సుమారు 250, 300 హెర్ట్జ్ కిందికి పెద్దగా పలకదు. మీ బేస్ ఉన్నదేమో 50, 60 దగ్గర. అదే మాట మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నతను అంటే లెక్క వేరు.

విన్నవాడు నొప్పి ఎక్కడుందో చాలావరకు సరిగానే చెప్తాడు. కారణం మాత్రం చేతికి దొరికిన పదంతో చెప్తాడు. ‘సౌండ్ తక్కువ’ అన్న ఇద్దరినీ చూడండి. మీ మాస్టర్, అంటే చివరి ఫైల్, మైనస్ 8 ఎల్‌యుఎఫ్‌ఎస్ (పాట మొత్తం గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరుంది, అంటే తక్కువ కాదు, బాగా ఎక్కువ. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటను మైనస్ 14కి తెస్తుంది, అంటే మీ పాటను 6 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తుంది. గట్టిగా వినిపించాలని లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక గీత దాటనివ్వని సాధనం) డ్రమ్స్ తలలు నరికారు. చివరికి గట్టిదనమూ పోయింది, దెబ్బలో చురుకూ పోయింది. యూట్యూబ్‌లో దీన్ని కళ్ళతోనే చూడొచ్చు. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. వాల్యూమ్ వరుసలో ‘కంటెంట్ లౌడ్‌నెస్’ అని ఒక అంకె ఉంటుంది. అది 6 అని చూపిస్తే మీ పాటను అంత తగ్గించారని. అక్కడ ఇంకో సంగతి, యూట్యూబ్ గట్టి పాటను తగ్గిస్తుందే గానీ మెత్తని పాటను పెంచదు. వినేవాళ్ళు ఇలాంటివి పట్టలేరనుకోకండి. 2008లో మెటాలికా ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు, అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేమ్‌లో తక్కువ నొక్కుడుతో, మెరుగ్గా ఉన్నాయని పోల్చి చూపించి గోల చేసింది మామూలు అభిమానులే.

ఇక అసలు ఫిర్యాదు, ‘మాటలు అర్థం కావట్లేదు’. ఇది 21లో తొమ్మిది మంది అన్నారు, తొమ్మిదింట్లో ఏడు రెండో పాటా ఆరో పాటా మీదే. ఈ రెండింట్లో కారణాలు వేరు వేరు.

రెండో పాటలో పల్లవి ‘కల వచ్చిన రాత్రి’ అని మొదలవుతుంది. దాని కింద ఒకాయన ‘కాలవ వచ్చిన రాత్రా? కేసీ కాలవకు నీళ్ళొదిలినారాప్పా?’ అని రాశాడు, కేసీ అంటే కర్నూలు-కడప కాలవ. మీరు వెటకారం అనుకుని దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. అన్నిటికన్నా పనికొచ్చే కామెంట్ అదే. ట్యూన్‌లో మొదటి స్వరం రెండు బీట్లు నిలుస్తుంది. దాని మీద పడిన అక్షరం ‘క’, లఘువు. రెండు బీట్లు లాగేసరికి అది ‘కా’ అయింది. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది కదా, ‘పడతా’ అన్నది ‘పాడతా’ అయినట్టు. పైగా ‘కల’, ‘వచ్చిన’ మధ్య ఊపిరి లేదు కాబట్టి ‘వ’ వెళ్ళి ముందు మాటకు అతుక్కుంది. ‘కాలవ’ పుట్టింది. దీనికి ఈక్వలైజర్ మందు కాదు. మార్గాలు రెండు. ఒకటి, ‘క’ను పికప్ నోటుగా బీటు కంటే ముందుకు జరిపి, నిలబడే స్వరం మీద గురువు పడేలా చూడటం. రెండోది, మాటే మార్చడం. ఆ ఒక్క లైను మళ్ళీ పాడించి అతికిస్తే చాలు, పాటంతా పాడనక్కర్లేదు. అదే మైకు, నోటికి అదే దూరం, అదే గది అయితే అతుకు తెలియదు. అప్పటి సెషన్ ఫైల్‌లో మైక్ గెయిన్ ఎంత పెట్టారో రాసుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఇదే పాటలో రెండో ఇబ్బంది ఒత్తులు. ‘చెప్పు’, ‘మొగ్గ’, ‘ఒప్పుకో’ లాంటి మాటల్లో ద్విత్వం వినపడేది చప్పుడు వల్ల కాదు, చప్పుడు ఆగడం వల్ల. ‘చె’ తర్వాత పెదాలు మూసుకుని చిన్న నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దం పొడుగును బట్టే చెవి ‘ప’ అనో ‘ప్ప’ అనో తేల్చుకుంటుంది. మీ రివర్బ్ (గొంతు వెనక వేసే గది ప్రతిధ్వని) తోక 2.8 సెకన్లుంది. ఆ తోక వచ్చి ఆ ఖాళీని నింపేస్తోంది. ‘చెప్పు’ కాస్తా ‘చెపు’ అవుతోంది. విదేశీ డ్రీమ్ పాప్ విని అదే ప్రీసెట్ తెచ్చి తెలుగు గొంతు మీద వేసినప్పుడు జరిగేది ఇదే. మాటలో ఒత్తు పొడుగు అర్థాన్ని మోయని భాషలో అంత రివర్బ్ చెల్లుతుంది, మనకు చెల్లదు. తోకను 1.2, 1.4 సెకన్ల మధ్యకు తగ్గించండి. ప్రీ డిలే, అంటే గొంతుకూ రివర్బ్ మొదలుకూ మధ్య విరామం, 40 నుంచి 60 మిల్లీసెకన్లు పెట్టండి. రివర్బ్‌కు వెళ్ళే దారిలో 250 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. గొంతు పలికినంతసేపూ రివర్బ్ 3, 4 డెసిబెల్స్ అణిగి ఉండి, లైను అయిపోయాక పైకి లేచేలా కంప్రెసర్‌కు గొంతునే సైడ్‌చెయిన్‌గా ఇవ్వండి. మీకిష్టమైన ఆ తేలిపోయే గుణం ఎక్కడికీ పోదు, లైనుకూ లైనుకూ మధ్య ఖాళీలో ఉంటుంది.

గొంతు ఎంత పెంచాలి అంటే, 1 నుంచి 1.5 డెసిబెల్స్ చాలు. దానికన్నా గిటారు, ప్యాడ్ రెండింట్లోనూ 2.5 కిలోహెర్ట్జ్ చుట్టూ 2, 3 డెసిబెల్స్ తగ్గిస్తే ఎక్కువ ఫలితం. హల్లుల స్పష్టత అంతా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే కూర్చుంటుంది. మీరు గిటారును మెరిపించడానికి సరిగ్గా అక్కడే పెంచారు. ‘స’, ‘ష’ గుచ్చుకుంటున్నాయని డీ ఎస్సర్ గట్టిగా పట్టించారు కూడా. 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్‌కు మించి పట్టిస్తే నాలుక మందంగా ఉన్నట్టు వినిపిస్తుంది. కొంచెం వదలండి.

ఆరో పాట కథ వేరు. ‘రెండో గొంతు ఎవరిదో వినపడట్లేదు’ అన్నారు ముగ్గురు. ఆడ, మగ గొంతులు కలిసిన జంటలన్నిటికీ ఉండే చిక్కు ఇది, శ్రుతి ఎవరికోసం పెట్టాలి అని. కచేరీల్లో మగవాళ్ళు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర దగ్గర పాడతారు (కీబోర్డు మీద ఒకటి అంటే సి, ఐదు అంటే జి). మీరు గిటారుకు వీలుగా, ఆయన గొంతుకు హాయిగా ఒకటిన్నరలో పెట్టారు. దాంతో ఆమెకు రెండే దారులు మిగిలాయి, ఒక స్థాయి పైకి వెళ్ళి గట్టిగా పాడటం, లేదా ఆయన పాడిన చోటే మెల్లగా పాడటం. మీరు రెండోది ఎంచుకున్నారు. ఆ లైన్లు కిందికి దాదాపు 200 హెర్ట్జ్ వరకు వస్తాయి. ఊపిరి కలిపి గుసగుసగా పాడినప్పుడు అంత కింద గొంతులో గాలి ఎక్కువ, నాదం తక్కువ. మూల ధ్వనిని ఫోన్ పలకదు, పై హార్మోనిక్స్ గొంతులోనే లేవు. ఇక వినపడేదేముంది?

ఉన్న రికార్డింగ్‌తో చేయగలిగింది కొంతే. ఆమె ట్రాక్‌కు ఒక కాపీ తీసి, దాన్ని శాచురేషన్‌తో కాస్త గరుకు చేసి, 800 హెర్ట్జ్ కింద కోసేసి, అసలు ట్రాక్ కన్నా 10, 12 డెసిబెల్స్ తక్కువలో కలపండి. ఫోన్‌లో ఆమె ఉనికి తెలుస్తుంది. అసలైన మందు మాత్రం ఆమె పల్లవి లైన్లు మళ్ళీ పాడించడమే, గుసగుస తగ్గించి ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేంత గొంతుతో. తర్వాతి పాటలకు ముందే ఒక పని చేయండి. ట్యూన్ కట్టగానే ఒకటిన్నర, మూడు, నాలుగున్నర శ్రుతుల్లో ఇద్దరూ కలిసి ఫోన్‌లో పాడి రికార్డ్ చేసుకుని వినండి. మూడు దగ్గర ఇద్దరికీ కాస్త కష్టంగానూ కాస్త సుఖంగానూ ఉంటుంది, పాటకు కావలసింది సాధారణంగా అక్కడ దొరుకుతుంది. లేదంటే చరణం ఒకరికి, పల్లవి ఒకరికి విడగొట్టి మధ్యలో శ్రుతి మార్చండి. గిటారు మెడకు బిగించి శ్రుతి మార్చే కాపో ఉన్నది ఎందుకు?

ఆరో పాటలోనే ఇంకొకటి. ఇద్దరూ ఒకే స్వరం పాడే చోట ఒకరి హల్లుకూ ఇంకొకరి హల్లుకూ 40, 50 మిల్లీసెకన్ల తేడా ఉంది. అచ్చుల్లో ఆ తేడా వెచ్చగా, నిండుగా ఉంటుంది. హల్లుల్లో మాటను నలిపేస్తుంది. లెక్క ప్రకారం గీతకు గీత కలపకండి, మర గొంతుల్లా అవుతుంది. రెండో గొంతులో లైను మొదట్లోని హల్లులను మాత్రం క్లిప్ గెయిన్‌తో 6 డెసిబెల్స్ తగ్గించండి. మాట ఒకరు చెప్తారు, రంగు ఇంకొకరు వేస్తారు.

ఆ గొంతులను వెడల్పు చేయడానికి ఒక పక్క 18 మిల్లీసెకన్ల డిలే పెట్టినట్టున్నారు. హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా ఉంది. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ఏ టీ బంకులోనో ఉండే ఒంటి బ్లూటూత్ స్పీకర్‌లో రెండు పక్కలూ కలిసి మోనో అవుతాయి. అప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది. మాస్టర్ ఛానల్ మీద మోనో బటన్ నొక్కి వినండి. గొంతు గుల్లబారితే ఆ డిలే తీసేసి, రెండుసార్లు విడివిడిగా పాడిన ట్రాక్‌లను అటొకటి ఇటొకటి పెట్టండి.

సరిచేశాక సరైందో లేదో మీరిద్దరూ తేల్చలేరు. మాటలు తెలిసినవాడి చెవి ఎప్పుడూ మాటల్ని వింటుంది. పాట తెలియని ఆరుగురిని కూర్చోబెట్టండి, సంగీతం వచ్చినవాళ్ళు వద్దు. ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. ఫోన్‌ను చేతి దూరంలో పెట్టి ఒక్క చరణం, ఒక్కసారే వినిపించండి. విన్నది కాగితం మీద రాయమనండి. ఒక మాట నలుగురు తప్పు రాస్తే అది మీ తప్పు. ఒకరే తప్పు రాస్తే వదిలేయండి. పాత మిక్స్‌నూ కొత్త మిక్స్‌నూ పోల్చేటప్పుడు రెండింటి లౌడ్‌నెస్ ముందు సమానం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే ‘బాగుంది’ అంటుంది, కారణం తెలియకుండానే.

‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అన్న మాటకు వస్తాను. ఇది ఆల్బమ్ చేసిన ప్రతి జంటా వింటుంది. ఇద్దరే మనుషులు, అవే నాలుగు వాయిద్యాలు, అదే గది. బాల్టిమోర్ జంట బీచ్ హౌస్ గురించి ఏళ్ళ తరబడి ఈ మాట అంటూనే ఉన్నారు. వాళ్ళు 2015లో ఆగస్టులో ఒకటి, అక్టోబరులో ఒకటి, రెండు ఆల్బమ్‌లు వదిలారు. ఆ ఒకేలా ఉండటం కోసమే వినేవాళ్ళూ ఉన్నారు. అందుకని ఈ మాటను గంపగుత్తగా కొట్టిపారేయొద్దు, ఒప్పుకోనూ వద్దు. ఒక కాగితం మీద తొమ్మిది వరుసలు గీసి ప్రతి పాటకూ వేగం, శ్రుతి, గొంతు ఎన్నో సెకనులో మొదలైంది, ఎవరు ముందు పాడారు, పల్లవిలో అన్నిటికన్నా పై స్వరం ఏది, డ్రమ్ శబ్దం ఏది అని రాయండి. విని చూస్తే మీది ఇలా వచ్చింది: ఏడు పాటలు నిమిషానికి 74కూ 82కూ మధ్య బీట్ల వేగంలో ఉన్నాయి. ఆరింటికి ఒకే శ్రుతి. ఎనిమిదింట్లో ఆయనే ముందు పాడారు. అన్నిటికీ అదే కిక్, అదే చప్పట్ల శబ్దం. మూడో పాట ఒక్కటే 104, ఆమె మొదలుపెట్టింది, గొంతు ఐదో సెకనులోనే వచ్చింది. జనం లూప్‌లో పెట్టుకున్నది ఏదో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

మిగతావాటిలో గొంతు సగటున 25 సెకన్ల తర్వాత వస్తోంది. స్పాటిఫై 30 సెకన్లు దాటితేనే ఒక స్ట్రీమ్ అని లెక్కపెడుతుంది. దానికోసం పాట కట్టమని కాదు గానీ, తొమ్మిదికి ఎనిమిది పాటల్లో అరనిమిషం గిటారు మీటుడుతో మొదలైతే వినేవాడికి ‘ఇది ఇందాకటి పాటే కదా’ అనిపించదా? ఒకేలా ఉన్నాయన్న మాట తొంభై పాళ్ళు మొదటి అరనిమిషం గురించే. ఉన్న ఆల్బమ్‌లో నాలుగైదు పాటల ముందుభాగం కత్తిరించాలని అనిపిస్తుంది. వద్దు, ఇది తర్వాతి ఆల్బమ్‌కు పెట్టుకోండి.

కామెంట్లకు తోడు గ్రాఫ్ చూడండి. యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకూ ఎంతమంది ఏ సెకను దాకా ఉన్నారో గీత ఉంటుంది. మొదటి పది పదిహేను సెకన్లలో పడిపోవడం అందరికీ ఉంటుంది, దాని గురించి బెంగ వద్దు. మధ్యలో ఎక్కడైనా మెట్టులా పడితే అక్కడికి వెళ్ళి వినండి. మీ ఆరో పాటలో ఆమె గొంతు మొదలయ్యే చోటే మెట్టు పడి ఉందని మీరే రాశారు. ముగ్గురి కామెంటూ ఆ మెట్టూ ఒకే చోట చూపిస్తున్నాయంటే అది అనుమానం కాదు, నిర్ధారణ. గీత గుట్టలా పైకి లేచిన చోట జనం వెనక్కి జరిపి మళ్ళీ విన్నారని. అది నచ్చి కావచ్చు, మాట అర్థంకాక కావచ్చు. ‘కాలవ’ దగ్గర గుట్ట ఉందా చూడండి, నవ్వుకోవచ్చు. స్పాటిఫై వైపు సేవ్‌లను, ఒక్కో శ్రోతకు ఎన్ని స్ట్రీమ్‌లన్నదాన్ని చూడండి. నెల శ్రోతల సంఖ్య గత 28 రోజుల లెక్క, ఏదో ఒక ప్లేలిస్ట్‌లో పడితే ఉబ్బుతుంది, తీసేస్తే కూలుతుంది.

ఇప్పుడు రివ్యూ. 2.75 అంకెను ముందు చెరిపేయండి. పావు మార్కుల పద్ధతి శుక్రవారం సినిమా రివ్యూల అలవాటు. మనకు సినిమాకు చెందని ఆల్బమ్‌ను సమీక్షించే ఆనవాయితీ సన్నం. అందుకే ఆడియో రివ్యూ లాగా పాట పాటకూ రెండు వాక్యాలు రాసి, చివర అంకె వేశారు. ఆ మూసలో పాటల వరుస గురించీ, మొత్తం 36 నిమిషాల నడక గురించీ మాట ఉండదు. లోకంలో పేరున్న చోట కూడా అంకె నిలకడ అంతంతే. అమెరికా సంగీత పత్రిక పిచ్‌ఫోర్క్, ఇంకో జంట డాఫ్ట్ పంక్ 2001 ఆల్బమ్ ‘డిస్కవరీ’కి 10కి 6.4 ఇచ్చింది. 2021లో తన పాత మార్కులను తానే దిద్దుకుంటూ దానికి 10 వేసింది. పాటలు అవే. మారింది వాటి చుట్టూ ఉన్న ఇరవై ఏళ్ళు.

అంకె తీసేశాక రివ్యూ ప్రింట్ తీసుకుని రెండు రంగుల పెన్నులతో చదవండి. వర్ణన ఒక రంగు, తీర్పు ఒక రంగు. ‘ఐదో పాటలో గిటారు ఒక్కటే మిగిలి గొంతు దగ్గరకు వస్తుంది’ అన్నది వర్ణన. ‘సేఫ్’ అన్నది తీర్పు. వర్ణన తప్పైతే రివ్యూ రాసినాయన సరిగా వినలేదని అర్థం, తీర్పును పట్టించుకోనక్కర్లేదు. మీ రివ్యూలో వర్ణనలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎనిమిదో పాట రాసింది ఎవరన్న చోట ఒక్క పొరపాటు ఉంది. దానికి మాత్రం రెండు లైన్ల మెయిల్ పంపి దిద్దమని అడగండి. అభిప్రాయం మీద ఒక్క ముక్క కూడా అందులో కలపకండి.

‘సేఫ్’ అన్న మాటకు సగం బాధ్యత మీ ప్రెస్ నోట్‌దే. ‘సీమ మట్టి గొంతుతో ఇంతవరకూ రాని పాప్’ అని మీరే రాసి పంపారు. ఆయన ఆ కొలబద్ద తీసుకునే కొలిచాడు. ‘రాత్రిపూట గదిలో ఇద్దరు మెల్లగా పాడుకున్న తొమ్మిది పాటలు’ అని రాసి ఉంటే ఆ రివ్యూ వేరేలా ఉండేది. నోట్‌లో ఉన్నదే చెప్పండి. సేఫ్ అన్నారు కదా అని తర్వాతి పాటలో సీమ జానపద వాద్యం ఉరుముల లూప్ తెచ్చి అతికించకండి. అది ఎక్కువగా అనంతపురం వైపుది కూడానూ, కడపలో వినేవాళ్ళే ముందు అడుగుతారు.

యాస విషయం. ఆయన అన్నది వింటే మీకు కోపం వచ్చినట్టుంది, ‘హైదరాబాద్‌లో కూర్చుని మా యాస గురించి చెప్తాడా’ అని రాశారు. ఎక్కడ కూర్చున్నాడన్నది పక్కన పెట్టి నాలుగో పాట తీయండి. పల్లవిలో ‘పోతాండా’ అని ఉంది. చరణంలో అదే మనిషి, అదే ప్రయాణం, ‘వెళ్తున్నాను’ అంటాడు. ఏడో పాటలో పల్లవిలో ‘యాడ’, చరణంలో ‘ఎక్కడో’. తొమ్మిదింట్లో ఐదు పాటల్లో ఇదే వరస: గుర్తుండిపోవాల్సిన చోట సీమ మాట, కథ చెప్పాల్సిన చోట సినిమా పాటల తెలుగు. యాస అలంకారం దగ్గరే ఆగిపోయిందన్నది దాన్నే. కడప, ప్రొద్దుటూరు వాళ్ళు ఈ మాట అనలేదంటే వాళ్ళకు తెలియక కాదు, మనూరి పిల్లోళ్ళని ఊరుకున్నారు. 21లో ఒకరు ‘మేం ఇట్లా మాట్లాడమబ్బా’ అని రాసి తర్వాత తీసేశారని మీరే చెప్పారు కదా. రివ్యూ రాసినాయనా, ఆ కామెంట్ తీసేసినాయనా చెప్పింది ఒకటే. ఒకరు దూరం నుంచి, ఒకరు పక్కింటి నుంచి.

దీన్ని దిద్దడం ఎందుకు కష్టమంటే మాట మారిస్తే నడక మారుతుంది. ‘వెళ్తున్నాను’ మూడు గురువులు, ఒక లఘువు. ‘పోతాండా’ మూడు గురువులే. చివర ఒక చిన్న అక్షరం తగ్గింది, ట్యూన్‌లో ఆ చిన్న స్వరం దిక్కులేకుండా నిలబడుతుంది. చాలామంది అక్కడ ‘లే’ అనో ‘రా’ అనో కూరుతారు, అప్పుడది ఇంకా అలంకారం అవుతుంది. అందుకే రాసిన పాటలో మాటలు మార్చకండి. కొత్త పాట మాట్లాడినట్టు మొదలుపెట్టండి. చెప్పాల్సిన సంగతిని ఫోన్‌లో రికార్డర్ పెట్టుకుని ఇంట్లో ఎలా చెప్తారో అలా చెప్పండి. ఆ మాటల్లో సహజంగా ఎక్కడ సాగుతున్నారు, ఎక్కడ విరుస్తున్నారు చూసి, ట్యూన్‌ను దానికి కట్టండి. ఇద్దరిలో ఒకరిది కడప పట్నం, ఒకరిది రాయచోటి వైపు అన్నారు. పలుకు అక్కడికే మారుతుంది. ఇద్దరి చేత ఒకే యాస పలికించకండి, ఎవరి మాట వాళ్ళది ఉండనివ్వండి. జంటగా పాడటంలో మీకున్న గొప్ప సౌకర్యం అది, తొమ్మిది పాటల్లో ఒక్కచోటా వాడుకోలేదు.

చివరగా రెండు పాటల రీమిక్స్ బయటపెట్టే పద్ధతి. మిక్స్ ఇంజనీరుకు పంపే ట్రాక్‌లన్నీ 24 బిట్ వేవ్ ఫైళ్ళుగా, మొదటి బార్ నుంచే మొదలయ్యేలా, మాస్టర్ ఛానల్ మీద లిమిటర్ తీసేసి ఇవ్వండి. గొంతు ట్రాక్‌లు రివర్బ్ లేకుండా పొడిగా ఒకటి, మీరు వాడిన రివర్బ్‌తో గుర్తుకోసం ఒకటి. కొత్త మాస్టర్ మైనస్ 11, 12 ఎల్‌యుఎఫ్‌ఎస్ దగ్గర ఆపమనండి. ట్రూ పీక్ (శబ్దం ఎక్కే గరిష్ఠ ఎత్తు) మైనస్ 2 దాటకుండా ఉంటే కంప్రెస్ అయిన ఫైల్‌లో పగలదు. మైనస్ 14కే తేవాలన్న పట్టుదల వద్దు, గట్టిదనాన్ని సమానం చేయని చోట మిగతా ఏడు పాటల పక్కన ఇవి సోలిపోతాయి.

మిక్స్ మారి, లైను మళ్ళీ పాడారంటే అది కొత్త రికార్డింగ్. కొత్త ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి. అప్పుడు పాత స్ట్రీమ్‌ల లెక్క దానికి రాదు, సున్నా నుంచి మొదలు. 2024 నుంచి స్పాటిఫై గత 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని ట్రాక్‌కు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. మీ రెండో పాట ఇప్పుడు 1,400 దగ్గరుందన్నారు. కాబట్టి పాతదాన్ని తీసేయకండి. రెండు కొత్త మిక్స్‌లనూ కలిపి రెండు పాటల సింగిల్‌గా, పేరు పక్కన ‘కొత్త మిక్స్’ అని పెట్టి వదలండి. విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో పిచ్ చేస్తే, అంటే పరిశీలనకు పంపితే, మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ళ రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్ట్‌లోకి వెళ్తుంది. యూట్యూబ్‌లో పాత వీడియోకు మీ కొత్త మిక్స్ పెట్టే వీలు లేదు, కొత్తది ఎక్కించి పాతదాని కింద లింకు పిన్ చేయండి.

‘కాలవ’ కామెంట్ పెట్టినాయనకు కూడా ఆ లింకు కింద ఒక జవాబు ఇవ్వండి, ‘నీళ్ళు కట్టేసినామన్నా, ఇప్పుడు విను’ అని.